మన గోడకీ డాలస్‌కీ మధ్య

మీరు డాలస్ వెళ్తున్నారటగా! మీరు నాతో చెప్పలేదు లెండి, ఇస్త్రీ అబ్బాయి చెప్పాడు. గుంటూర్లో ఉంటూ రెండు స్వెటర్లు ఇస్త్రీకి వేస్తే వాడికి మాత్రం అర్థం కాదూ? పైగా మేడమీద ఆరబెట్టిన పెద్ద సూట్‌కేసులు రెండూ మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాయి. చూడకూడదనుకుంటూనే చూశాను. సరే, కాసేపు ఇలా గోడ దగ్గరికి రండి. పొయ్యి మీద ఏమైనా ఉందా? ఉంటే మంట తగ్గించి రండి. చారేగా, మరిగినకొద్దీ బావుంటుంది.

అవునూ, అసలు డాలస్ ఎంత దూరమో కనుక్కున్నారా? వెళ్ళొచ్చినవాళ్ళని అడిగి చూడండి, ఒక్కరూ కిలోమీటర్లలో చెప్పరు. మా పెద్దాడపడుచుని అడిగితే "నాలుగు భోజనాలు, రెండు కునుకులు" అంది. ఆవిడకి లోకంలో ఏదైనా భోజనాల లెక్కే. వీధి చివర రిటైరైన లెక్కల మాస్టారు "ఇరవై మూడు గంటలు" అన్నారు. ఆయన మనవరాలు "ఆరు సినిమాలు" అంది. టికెట్లు తీసిచ్చే కుర్రాణ్ణి అడిగితే "వన్ స్టాపేనండీ" అన్నాడు. దూరం అడిగితే స్టాపులు చెప్తాడేమిటి, ఆర్టీసీ కండక్టరు నయం.

సూటిగా కొలిస్తే శంషాబాద్ నుంచి డాలస్ విమానాశ్రయానికి 14,400 కిలోమీటర్లు. చాలా దూరమే. భూమి నడుం చుట్టూ కొలిస్తే 40,000 కిలోమీటర్లు కదా. అంటే మనకి అన్నిటికంటే దూరమైన చోటు కూడా 20,000 దాటి ఉండదు. అలిగి ఎంత దూరం పోదామన్నా అంతే, అది దాటితే మళ్ళీ దగ్గరపడటమే. అందులో డాలస్ ముప్పాతిక వంతుకి కాస్త తక్కువ. మా మామయ్యగారు పెరట్లో నుయ్యి తవ్విస్తున్నప్పుడు పిల్లలు చుట్టూ చేరి "ఇంకా తవ్వితే అమెరికా వస్తుంది" అనేవాళ్ళు. రాదండీ. హైదరాబాద్‌కి అచ్చంగా అడుగున ఉన్నది పసిఫిక్ సముద్రం, పెరూ దేశానికి పడమటగా. చుట్టూ నీళ్ళే. అటు డాలస్‌లో నుయ్యి తవ్వినా తేలేది మన హిందూ మహాసముద్రంలోనే. ఎటునుంచి తవ్వినా ఈత రావాలి.

ఇప్పుడు ఇంకో మాట అడుగుతాను, నవ్వకండి. డాలస్ ఎటుంది? చెయ్యి చాపి చూపించండి. చూశారా, పడమర చూపించారు! అందరూ అంతే. అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి అవతల ఒడ్డున ఉందనుకుంటారు. బళ్ళో గోడకి వేలాడే పటం చేసిన పని అది. 1569లో మెర్కేటర్ అనే ఆయన ఓడలవాళ్ళ కోసం గీసిన పద్ధతి. గుండ్రటి భూమిని నలుపలకల కాగితం మీద పరచాలంటే పైనా కిందా సాగదీయక తప్పదు. అందుకే ఆ పటంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికాలో పద్నాలుగో వంతు కూడా సరిగ్గా ఉండదు.

మీ మనవడి గ్లోబు ఉందిగా, నిద్రపోతున్నప్పుడు తెచ్చుకోండి. పూలు కట్టే దారం ఒక ముక్క తీసుకుని, ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగండి. దారం పడమర పోదు. నిటారుగా ఉత్తరానికి పోతుంది. ఢిల్లీ మీదుగా, హిమాలయాలు ఎక్కి, కజకిస్తాన్, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి అయిదువందల కిలోమీటర్ల దగ్గరగా వెళ్ళి, అటు కెనడా నడుమనుంచి కిందికి దిగి డాలస్ చేరుతుంది. అంటే డాలస్ మనకి ఉత్తరాన ఉన్నట్టు. ఉత్తరం కుబేరుడి దిక్కు కదా! డాలర్లు అటునుంచి రావడంలో వింతేముంది? వాస్తు చూసే ఆయనకి ఈ మాట చెబితే ఆయన మొహం వెలిగిపోయింది. ఈపాటికి ఎవరి ఇంట్లోనో ఉత్తరపు గోడ పగలగొట్టించి ఉంటాడు.

అయితే ఆ దారం వెళ్ళిన దారిలో ఏ విమానమూ వెళ్ళదు. అదీ తమాషా. హిమాలయాల మీదుగా సూటిగా పోవడం వాళ్ళకి ఇష్టం ఉండదు. లోపలి గాలి ఒత్తిడి పోతే విమానాన్ని గబగబా పదివేల అడుగులకి దించాలట, జనం మామూలుగా ఊపిరి పీల్చుకోవడానికి. కింద ఇరవై వేల అడుగుల కొండలుంటే ఎక్కడికని దించుతారు? అది దాటారనుకోండి, పైన ధ్రువం దగ్గర చలి. బయట సున్నాకి యాభై, అరవై డిగ్రీలు దిగువన ఉంటుంది. విమానంలో పోసే నూనె నలభై, నలభై ఏడు దగ్గరే గడ్డకట్టడం మొదలెడుతుంది, మాఘమాసం పొద్దున్నే మన కొబ్బరినూనె సీసాలా. సీసా అయితే ఎండలో పెడతాం. వాళ్ళు నూనె వేడి ఎంతుందో చూసుకుంటూ, మరీ తగ్గితే కాస్త కిందికి దిగో, వేగం పెంచో నడుపుకోవాలి.

ఇవి కాక దేశాల గొడవలు. మనకీ వెనకింటివాళ్ళకీ కాలువ దగ్గర మాటామాటా వస్తే ఆరునెల్లు అటు తొక్కం చూడండి, ఆకాశంలోనూ అదే వరస. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఆకాశం అమెరికా, యూరప్ విమానాలకి మూతపడింది. మనవాటికి తెరిచే ఉంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి దారి మూసింది. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని చుట్టు తిరిగి, వియన్నాలోనో కోపెన్‌హాగెన్‌లోనో దిగి నూనె పోయించుకుని వెళ్ళాల్సి వచ్చింది. ఊళ్ళు కదలవు, దూరం మాత్రం పెరుగుతుంది.

రష్యా అంటే గుర్తొచ్చింది. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళే విమానం ఇంజన్లో ఏదో తేడా వచ్చి మగదాన్ అనే ఊళ్ళో దిగింది. రష్యాలో తూర్పు కొసన ఉంటుంది ఆ ఊరు. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. అంతమందికి ఆ ఊళ్ళో హోటళ్ళు ఎక్కడివి? బడిలో, హాస్టల్లో పరుపులు వేసి పడుకోబెట్టారు. ముంబయి నుంచి ఇంకో విమానం వెళ్ళి వాళ్ళని ఎక్కించుకునేదాకా అక్కడే. శాన్‌ఫ్రాన్సిస్కోలో కోడలి పురిటికని బయల్దేరి రష్యా బడిలో బెంచీ మీద కూర్చున్న అత్తగారు అందులో ఒక్కరైనా ఉండే ఉంటారని నాకు అనుమానం. మిమ్మల్ని భయపెట్టడానికి కాదండీ. చేతిసంచిలో రెండు రోజుల మాత్రలు, ఒక శాలువా ఉంచుకోమని చెప్పడానికి.

నేరుగా విమానం లేదా అంటారు. డాలస్‌కి లేదు. హైదరాబాద్ నుంచి అమెరికాకి ఒకప్పుడు వేశారు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియావాళ్ళు చికాగోకి మొదలెట్టారు, 13,300 కిలోమీటర్లు. కొన్నాళ్ళు నడిచి ఆగిపోయింది. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగా ఒక విమానం వచ్చింది, గుర్తుందా? నడిపినవాళ్ళు నలుగురూ ఆడవాళ్ళే. కెప్టెన్ జోయా అగర్వాల్. ఇంకో కెప్టెన్ పేరు పాపగారి తన్మయి. పేరు వింటుంటే పక్కవీధి అమ్మాయిలా లేదూ? పద్నాలుగు వేల కిలోమీటర్లు, ఒక్కచోట ఆగకుండా, పదిహేడు గంటలు పైచిలుకు. మా ఆయన గుంటూరు నుంచి హైదరాబాద్‌కి కారు నడిపితే పిడుగురాళ్ళలో ఒకసారి, మిర్యాలగూడలో ఒకసారి, నార్కట్‌పల్లిలో ఒకసారి ఆగుతారు. నడుం పట్టేసిందని ప్రతిసారీ ఒక టీ.

దూరం మాటకొస్తే డాలస్‌కి ఆగకుండా వెళ్ళలేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు ఏకబిగిన వెళ్ళే విమానం ఉంది, దాదాపు పందొమ్మిది గంటలు. చిక్కంతా నూనెతోనే. ఈ దూరాలు తిరిగే బోయింగ్ 777-300ఈఆర్ ఉంది చూశారూ, దాని ట్యాంకుల్లో 1,81,000 లీటర్లు పడుతుంది. నిండా పోస్తే నూనె బరువే 145 టన్నులు. విమానం ఎగిరేటప్పుడు ఉండగలిగిన మొత్తం బరువులో అయిదింట రెండు వంతులన్నమాట. ఎక్కువ దూరం వెళ్ళాలంటే ఎక్కువ నూనె మొయ్యాలి, ఆ నూనెని మొయ్యడానికి మళ్ళీ కొంత నూనె కాల్చాలి. ఇదంతా గిట్టుబాటు కావాలంటే ముందు వరసల్లో కాళ్ళు చాపుకుని పడుకునే ఖరీదైన సీట్లు రోజూ నిండాలి. మనవాళ్ళు అన్నీ వెనక సీట్లే కొంటారు, అందులోనూ కూతురు పదిసార్లు ఫోన్లో వెతికి తగ్గినరోజు చూసి కొంటుంది. మీ అమ్మాయీ అంతేగా? నాకు తెలుసులెండి.

అందుకే గల్ఫ్ మీదుగా వెళ్ళడం. దుబాయ్ అనుకుందాం. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550, దుబాయ్ నుంచి డాలస్ 12,900. మొత్తం 15,450. సూటి దారికంటే వెయ్యి కిలోమీటర్లే చుట్టు. గుంటూరు నుంచి హైదరాబాద్‌కి రెండుసార్లు వెళ్ళొచ్చినంత. అంతదూరం వెళ్ళేవాళ్ళకి ఇదొక లెక్కా? మా నాన్నగారి రోజుల్లో డాక్టర్లు వెళ్ళేవాళ్ళు చూడండి, బేగంపేటలో ఎక్కి బొంబాయి, అక్కణ్ణించి లండన్, అక్కణ్ణించి న్యూయార్క్. బొంబాయి నుంచి న్యూయార్క్‌కి ఎయిర్ ఇండియా మొదటిసారి వేసింది 1960 మేలో. వాళ్ళు చేరిన కబురు తెలియాలంటే పోస్టుమాన్ రావాలి. ఇప్పుడు మీరు దుబాయ్‌లో కాఫీ తాగుతుంటే ఆ కప్పు ఫొటో నాకు రావాలి, చెప్తున్నాను.

ఇక టైముల సంగతి. ఇక్కడే అందరి బుర్రా తిరుగుతుంది. టికెట్ మీద ఉండేవి ఏ ఊరి టైము ఆ ఊరిదే. మీరు సంక్రాంతి వెళ్ళాక కదా బయల్దేరేది. శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి శంషాబాద్‌లో విమానం కదిలిందనుకోండి. దుబాయ్‌కి నాలుగు గంటలు. అక్కడ మూడు గంటలు కూర్చోవాలి. అక్కణ్ణించి డాలస్‌కి పదహారు గంటలు. మొత్తం ఇరవై మూడు. దిగి గోడ గడియారం చూస్తే శనివారం సాయంత్రం నాలుగే! ఎక్కిన రోజే దిగారు. గడియారాల ప్రకారం పదకొండున్నర గంటల ప్రయాణం, నడుం ప్రకారం ఇరవై మూడు. ఆ తేడా పదకొండున్నర గంటలూ మనం వాళ్ళకంటే ముందున్న టైము. సూర్యుడు ఎటు పోతున్నాడో మనమూ అటే పోతున్నాం కాబట్టి రోజు సాగుతుంది.

రోజు సాగితే ఏమవుతుందో మా పెద్దాడపడుచుని అడగండి. ఏకాదశి నాడు బయల్దేరింది. ఎవరు చెప్పినా వినలేదు, ఆవిడ నలభై ఏళ్ళ ఉపవాసం. మర్నాటి సూర్యోదయం అయితేగానీ పారణ చెయ్యదు. హైదరాబాద్‌లో సూర్యోదయం నుంచి డాలస్‌లో మర్నాటి సూర్యోదయం దాకా లెక్కేస్తే దాదాపు ముప్పై ఆరు గంటలు! పంతులుగారికి ముందే ఫోన్ చేసి అడిగిందట. "ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి సూర్యోదయమేనమ్మా" అన్నారాయన. "గాల్లో ఉంటేనో?" అంది. ఆయన కాసేపు దగ్గి, ఫోన్లో మాట సరిగ్గా వినపడటం లేదన్నారట. ఆవిడ ఉపవాసం ఎక్కడ వదిలేసిందో నాకు తెలుసుగానీ చెప్పను. నాలుగు భోజనాలని లెక్క చెప్పింది చూడండి, అది తిరుగు ప్రయాణం లెక్క కాదు. అంతవరకే చెప్పగలను.

తిరుగు ప్రయాణంలో దీనికి వ్యతిరేకం. డాలస్‌లో శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కితే హైదరాబాద్‌లో ఆదివారం రాత్రి తొమ్మిదింటికి దిగుతారు. గడియారాలు ముప్పై మూడు గంటలంటాయి. కూర్చున్నది ఇరవై ఒకటిన్నరే. చూశారా, వెళ్ళేటప్పటికంటే గంటన్నర తక్కువ! పైన ముప్పై, నలభై వేల అడుగుల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి పెద్ద గాలి వీస్తూ ఉంటుంది. చలికాలంలో అయితే మరీ జోరు. వెళ్ళేటప్పుడు అది ఎదురుగాలి, దాన్ని తప్పించుకుంటూ పోవాలి. వచ్చేటప్పుడు వెనకనుంచి నెడుతుంది. ఇంటికి త్వరగా వచ్చెయ్యాలని గాలికి కూడా ఉంటుందేమో అని మా అత్తగారు అనేవారు. ఆవిడకి కొడుకు దగ్గర పదిహేను రోజులు దాటితే తోచేది కాదు.

మీరు వీల్‌చెయిర్ పెట్టించుకున్నారా? మొహమాటపడకండి. రోజూ కాలవగట్టు దాకా నడిచొచ్చే మీకు వీల్‌చెయిర్ ఏమిటని మీ వారు నవ్వి ఉంటారు. నవ్వనివ్వండి. తిరుమల కొండ మెట్లదారిలో ఎక్కినావిడ కూడా దుబాయ్‌లో వీల్‌చెయిర్‌లోనే కూర్చుంటుంది. నొప్పి మోకాలిలో కాదండీ, భాషలో. అంత పెద్ద విమానాశ్రయంలో ఏ గేటుకి ఎటు పోవాలో అడగాలంటే నోరు రావాలి. రాకపోతే తోసుకెళ్ళే మనిషి కావాలి. అయితే నిజంగా నడవలేనివాళ్ళు కూడా అదే వరసలో ఎదురుచూస్తుంటారు, అదొక్కటే నాకు మనసుకి పట్టదు. ఈ విమానాలవాళ్ళు ఒక తెలుగొచ్చిన కుర్రాణ్ణి బోర్డు పట్టించి నిలబెడితే సగం వీల్‌చెయిర్లు మిగులుతాయి. రైల్లో వెళ్ళే పెళ్ళివారికి దారి చూపడానికి మనం ఒక బావమరిదిని పంపేవాళ్ళం కాదూ?

ఇంతకీ అసలు ప్రయాణం మన గుమ్మంలోనే మొదలవుతుందని ఎవరూ లెక్కెయ్యరు. ఇక్కణ్ణించి శంషాబాద్‌కి 270 కిలోమీటర్లు పైమాటే, అయిదు గంటలు. విమానానికి మూడు గంటలు ముందు ఉండమంటారు. మీ వాళ్ళు ఆరుగంటల ముందుంచుతారు, నాకు మీ వారి సంగతి తెలియదా? సాగనంపడానికి రెండు కార్లు. ఒకదాంట్లో మీరూ పెట్టెలూ, రెండోదాంట్లో ఏడ్చేవాళ్ళు. అటు దిగాక పెట్టెలు వచ్చేదాకా, వాళ్ళ ప్రశ్నలు అయ్యేదాకా ఇంకో రెండు గంటలు. ఫ్రిస్కోలో మీ అమ్మాయి ఇంటికి ఇంకో అరగంట. అన్నీ కలిపితే ముప్పై ఆరు గంటలకి తగ్గదు. విమానం గంటకి 900 కిలోమీటర్లు పోతుందని చెప్పుకోవడమేగానీ, మన గుమ్మంనుంచి వాళ్ళ గుమ్మానికి లెక్కేస్తే గంటకి నాలుగువందలు కొంచెం పైన.

అన్నట్టు మంచి ఘడియ చూశారా? తెల్లవారుజాము విమానమంటే ముందురోజు సాయంత్రమే ఇంట్లోంచి కదలాలి. రాహుకాలమో వర్జ్యమో అడ్డొస్తే కంగారుపడకండి. బాగున్న ఘడియ చూసుకుని ముందురోజే పెట్టె ఒకటి మా ఇంట్లో ప్రస్థానం పెట్టేయండి. ఆ తర్వాత మీరు ఎప్పుడు బయల్దేరినా బయల్దేరినట్టు కాదు, అప్పటికే బయల్దేరిపోయారు కదా! మన పెద్దవాళ్ళు ఈ ఉపాయం ఎప్పుడో కనిపెట్టారు. మా వసారా ఖాళీగానే ఉంది. చీమలు కూడా లేవు.

పెట్టె అంటే, ఏం సర్దారేమిటి? ఇరవై మూడేసి కిలోలు రెండు పెట్టెలేగా. మీ ఇంటి కాటా నమ్మకండి, పెట్టెని ఎత్తుకుని నిలబడి తూచినా తగ్గించే చూపిస్తుంది. ఆవకాయ చేతిసంచిలో పెట్టకండి, అందులో నూనె ఉంది, వంద మిల్లీలీటర్లు దాటితే మీ కళ్ళముందే తీసి పక్కన పెడతారు. పెద్దపెట్టెలో, రెండు కవర్లలో, చుట్టూ పాతచీర. కోడిపచ్చడి, మాంసం పచ్చడి అసలు వద్దు, రానివ్వరు. కరివేపాకు కూడా రానివ్వరండీ! నిమ్మజాతికి చుట్టం కదా అది, నిమ్మ, నారింజ తోటలకి చేటుచేసే పురుగు దాని మీద వెళ్తుందని వాళ్ళ భయం. ఫ్లోరిడాలో తోటలకి ఆ పురుగు తెచ్చే తెగులు పట్టి చాలా నష్టపోయారు, వాళ్ళ బాధ వాళ్ళది. తినే వస్తువులు ఉన్నాయా అంటే ఉన్నాయని చెప్పెయ్యండి. చెబితే చూసి పంపిస్తారు. దాచి దొరికితే జరిమానా.

విమానంలో భోజనం చప్పగా ఉందని ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచి ఉప్పు అడక్కండి. వండినవాళ్ళ తప్పు కాదు. లోపల గాలి ఆరు, ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత పల్చగా ఉంటుంది, పొడిగా ఉంటుంది. ముక్కు ఎండిపోయి నాలుకకి ఉప్పూ తీపీ సరిగ్గా తెలియవు. ఒక చిన్న పొట్లంలో కందిపొడి పెట్టుకోండి. పక్కసీటువాళ్ళకీ కొంచెం వెయ్యండి, దారంతా మీకు కిటికీ ఇస్తారు.

చేరాక మొదటి వారం నిద్ర సంగతి మర్చిపోండి. మన పగలు వాళ్ళ రాత్రి, దాదాపు సరిగ్గా తలకిందులు. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది, ఆకలేస్తుంది. అప్పుడు లేచి పోపు వెయ్యకండి. వాళ్ళ ఇళ్ళల్లో పొగ వస్తే పైకప్పులో ఒకటి కూస్తుంది. మా పిన్నిగారు మిరపకాయలు వేయించి అపార్టుమెంటు మొత్తాన్ని మెట్ల మీదికి దింపింది. పెరుగన్నం తిని పడుకోండి.

నాకు ఎప్పుడు ఫోన్ చెయ్యాలో కూడా చెప్తాను, రాసుకోండి. మీకు రాత్రి ఎనిమిది అంటే ఇక్కడ పొద్దున ఏడున్నర. కాఫీ అయిపోయి తీరిగ్గా ఉంటాను. కానీ మార్చిలో రెండో ఆదివారం వాళ్ళు గడియారాలు ఒక గంట ముందుకి తిప్పేస్తారు. మళ్ళీ నవంబరు మొదటి ఆదివారం దాకా అంతే. అప్పుడు మీ ఎనిమిది నాకు ఆరున్నర. ముగ్గు వేస్తుంటాను, ఎత్తను. కోపం తెచ్చుకోకండి. పండగలు కూడా అంతే, అక్కడి టైముతో తిథి కట్టి అమెరికా ఊళ్ళకి వేరే పంచాంగాలు వేస్తున్నారు. వినాయకచవితి ఒక్కోసారి మనకంటే ముందురోజే వస్తుంది వాళ్ళకి. మనకంటే టైములో వెనకున్నవాళ్ళకి పండగ ముందెలా వస్తుందని నన్నడక్కండి, మాస్టారుంటారు ఆ చివరింట్లో. ఆయనకి పొద్దు పోవడం లేదు.

ఇంకొక్క మాట, ఇది నా సొంత పని. అమెరికా అంటే మనవాళ్ళు అందరూ ఒకే వీధిలో ఉన్నారనుకుంటారు. కూరగాయల బండి దగ్గర ఒకావిడ, డాలస్ వెళ్ళేవాళ్ళతో న్యూజెర్సీలో కొడుక్కి సున్నుండలు పంపుతానంటోంది. డాలస్‌కీ న్యూజెర్సీకీ 2,200 కిలోమీటర్లు, విమానంలోనే మూడున్నర గంటలు! నేను అలాంటిదాన్ని కాదు. మా మేనకోడలు హ్యూస్టన్‌లోనే ఉంటుంది. మీ అమ్మాయిది ఏ రాష్ట్రమో దానిదీ అదే రాష్ట్రం, టెక్సస్. ఆ రాష్ట్రం మన ఆంధ్రా, తెలంగాణా రెండూ కలిపినదానికి రెండున్నర రెట్లు ఉంటుంది, అది వేరే సంగతి. డాలస్ నుంచి కారులో నాలుగు గంటలే, ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని సముద్రం చూడ్డానికి వెళ్తారుగా, దారిలోనే. గోంగూర పచ్చడి ఒక రెండు కిలోలు, పచ్చిమిరప వడియాలు కాస్త. బరువు నేను తూచేశాను. ప్రస్థానం పెట్టె ఎలాగూ మా వసారాలోనే ఉంటుంది కదా, తాళంచెవి కూడా దానికే ఉంచి వెళ్ళండి. వెళ్ళి మీ చారు చూసుకోండి, మాడువాసన వస్తోంది.